సరోగసీ: దంపతులు తరచుగా అడిగే ప్రశ్నలు

"ఇక సరోగసీ ఆలోచించండి" అని డాక్టరు చెప్పిన రాత్రి చాలా ఇళ్లలో నిద్ర ఉండదు. తెల్లారేసరికి భార్యాభర్తలిద్దరూ ఫోన్‌లో డజన్ల కొద్దీ వీడియోలు చూసేసి ఉంటారు. వాటిలో సగం 2022కి ముందు సంగతులే. ఆ ఏడాది నుంచి మన దేశంలో సరోగసీ పద్ధతి పూర్తిగా మారిపోయింది. నేను ఫర్టిలిటీ కౌన్సెలింగ్‌లో పనిచేస్తాను. కింద రాసినవన్నీ దంపతులు నన్ను అడిగే ప్రశ్నలే. కొన్ని రాగానే అడుగుతారు, కొన్ని తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడుగుతారు.

సరోగసీ అంటే సరిగ్గా ఏమిటి?

మీ అండాన్ని, మీవారి వీర్యకణాన్ని ల్యాబ్‌లో కలిపి పిండం తయారుచేస్తారు. ఆ పిండాన్ని మరో స్త్రీ గర్భసంచిలో ఉంచుతారు. ఆమె నెలలు మోసి, కని, బిడ్డను మీ చేతికి ఇస్తుంది. సరోగేట్ తల్లి తన సొంత అండం ఇవ్వడానికి మన చట్టం ఒప్పుకోదు. కాబట్టి పుట్టే బిడ్డకు జన్యుపరంగా ఆమె తల్లి కాదు.

పత్రికల్లో దీన్ని "అద్దె గర్భం" అని రాస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టి చేసే సాయానికి అది తగిన పేరు కాదు. పైగా ఇప్పుడు అద్దె ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే.

నేరమా? ఇదివరకు డబ్బు ఇచ్చేవారు కదా?

ఇచ్చేవారు. గుజరాత్‌లోని ఆణంద్ పట్టణానికి విదేశాల నుంచి కూడా దంపతులు వచ్చేవారు. మన హైదరాబాద్‌లోనూ జరిగేది. 2015లో విదేశీయులకు ఆపేశారు. 2021 డిసెంబరులో పార్లమెంటు సరోగసీ నియంత్రణ చట్టం చేసింది, అది 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి సాయంగా చేసే సరోగసీ ఒక్కటే చెల్లుతుంది. సరోగేట్ తల్లి వైద్య ఖర్చులు, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు, ఆమె బీమా మీరు భరించాలి. అంతకు మించి ఫీజు రూపంలో గానీ, ఇంటి స్థలం, బంగారం లాంటి వాటి రూపంలో గానీ ప్రతిఫలం ఇవ్వకూడదు.

వాణిజ్య సరోగసీ నడిపేవారికి పదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా ఉన్నాయి. దాన్ని కోరి వెళ్లిన దంపతులకూ మొదటిసారికి ఐదేళ్ల దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. "మాకేం తెలుసండీ, క్లినిక్ వాళ్లే చూసుకుంటామన్నారు" అంటే సరిపోదు.

మేము అర్హులమేనా?

చట్టబద్ధంగా పెళ్లయిన స్త్రీ పురుషులై ఉండాలి. అర్హత పత్రం ఇచ్చే రోజుకు భార్య వయసు 23 నుంచి 50 ఏళ్ల మధ్య, భర్త వయసు 26 నుంచి 55 ఏళ్ల మధ్య ఉండాలి. గర్భం మోయలేకపోవడానికి వైద్యపరమైన కారణం ఉండాలి. బతికి ఉన్న బిడ్డ ఉండకూడదు. కన్న బిడ్డైనా, దత్తత బిడ్డైనా లెక్కే.

వయసు విషయంలో ఒక ముఖ్యమైన వెసులుబాటు ఉంది. చట్టం రాకముందే, అంటే 2022 జనవరి 25కి ముందే పిండాలు తయారుచేసి ఫ్రీజ్ చేయించుకున్న దంపతులకు ఈ వయసు పరిమితి వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. మీ పాత ఫైల్ బయటికి తీసి తేదీలు చూసుకోండి. కొవిడ్ రోజుల్లో ఆగిపోయి, వయసు దాటిపోయిందని ఆశ వదిలేసుకున్నవాళ్లు ఈ తీర్పు సంగతి తప్పక డాక్టరుతోనూ లాయరుతోనూ మాట్లాడాలి.

వైద్య కారణం అంటే ఏవేవి?

పుట్టుకతోనే గర్భసంచి లేకపోవడం, చాలా చిన్నదిగానో ఆకారం తేడాగానో ఉండటం. క్యాన్సర్ వల్లో, కాన్పులో రక్తస్రావం ఆగకో దాన్ని తీసేయాల్సి రావడం. లోపలి పొర పలచబడటం, గోడలు అతుక్కుపోవడం. ఈ చివరిదానికి మన దగ్గర గర్భసంచి టీబీ ఒక పెద్ద కారణం. దగ్గు, జ్వరం ఏమీ లేకుండానే అది లోపల పొరను పాడుచేసి పోతుంది, ఏళ్ల తర్వాత పిల్లల కోసం పరీక్షలు చేయిస్తే బయటపడుతుంది.

ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండం తయారుచేసి గర్భసంచిలో పెట్టే వైద్యం) చాలాసార్లు విఫలం కావడం, కారణం తెలియకుండా మళ్లీ మళ్లీ గర్భస్రావాలు జరగడం, గుండెజబ్బు లాంటి సమస్య వల్ల గర్భం తల్లి ప్రాణానికే ముప్పు కావడం కూడా నిబంధనల్లోకి వస్తాయి. ఉద్యోగానికి ఇబ్బంది, ఒళ్లు పాడవుతుందన్న భయం లాంటివి రావు.

మాకు ఒక బాబు పుట్టి చనిపోయాడు. మేము పనికిరామా?

పనికిరాకపోవడం ఏమీ లేదు. చట్టం అడుగుతున్నది ఇప్పుడు బతికి ఉన్న బిడ్డ ఉన్నారా అని మాత్రమే. ఈ ఒక్క మాట తెలియక, దరఖాస్తు కూడా చేయకుండా ఊరుకున్న తల్లిదండ్రులను చూశాను. ఆ బాధ మీద ఈ అపోహ కూడా మోయకండి.

బిడ్డ బతికే ఉండి, మానసిక లేదా శారీరక వైకల్యం ఉన్నా, నయం కాని ప్రాణాంతక వ్యాధి ఉన్నా కూడా మినహాయింపు ఉంది. దానికి జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, ఆపైన సంబంధిత అథారిటీ (సరోగసీ అనుమతులు చూసే ప్రభుత్వ సంస్థ) ఆమోదం కావాలి.

ఒంటరి మహిళలు చేసుకోవచ్చా?

భర్త చనిపోయిన లేదా విడాకులైన భారతీయ మహిళ, 35 నుంచి 45 ఏళ్ల మధ్య ఉంటే చేసుకోవచ్చు. అండం ఆమెదే అయి ఉండాలి, వీర్యం దాత నుంచి తీసుకుంటారు. పెళ్లి కాని మహిళలకు, ఒంటరి మగవారికి, సహజీవనంలో ఉన్నవారికి, స్వలింగ జంటలకు ఇప్పటి చట్టం దారి ఇవ్వలేదు. పెళ్లి చేసుకోని స్త్రీని పక్కన పెట్టడం నాకు న్యాయంగా అనిపించదు. కానీ ఇవాళ ఉన్న నియమం అదే.

సరోగేట్ తల్లిగా ఎవరు ఉండవచ్చు? మా చెల్లెలే కావాలా?

దగ్గరి బంధువే కావాలన్న షరతు తొలి బిల్లులో ఉండేది, చివరి చట్టంలో అది లేదు. ఇష్టపడి ముందుకొచ్చిన స్త్రీ అయితే చాలు. ఆమెకు పెళ్లయి, సొంత బిడ్డ ఉండాలి. వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి. శారీరకంగా, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు ధ్రువీకరించాలి. జీవితంలో ఒక్కసారి మాత్రమే సరోగేట్‌గా ఉండవచ్చు.

డబ్బు ఇచ్చే వీలు లేదు కాబట్టి, సరోగేట్‌గా వచ్చేవాళ్లు ఎక్కువగా ఇంటి మనుషులే. చెల్లెలో, తోడికోడలో, ఆడపడుచో, చిన్ననాటి స్నేహితురాలో. ఇక్కడే నేను దంపతులను కాస్త ఆపుతాను. మన ఇళ్లలో ఆడపిల్లకు "వద్దు" అనే అవకాశం ఎంతమేరకు ఉంటుందో మనందరికీ తెలుసు. "అక్క కోసం ఆ మాత్రం చేయలేవా" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే చెల్లెలు ఏమంటుంది? అందుకే ఆమెతో, విడిగా ఆమె భర్తతో, కుటుంబం ఎవరూ గదిలో లేకుండా మాట్లాడతాను. ఒకసారి కాదు, కొన్ని వారాల తేడాతో రెండుసార్లు. రెండోసారి తల వంచుకుని "ఏమోనండీ" అన్న అమ్మాయిలు ఉన్నారు. ఆ మాటను నేను "వద్దు" అనే లెక్కేస్తాను. మీరూ అలాగే లెక్కేయండి.

మాకు అలాంటి మనిషి ఎవరూ లేరు. ఒక ఏజెంట్ అంతా తనే చూసుకుంటానంటున్నాడు.

దయచేసి అటు వెళ్లకండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు గుర్తుందా? సరోగసీ పేరుతో ముప్పై లక్షలకు పైగా కట్టించుకుని ఒక ఫర్టిలిటీ సెంటర్ ఆ దంపతుల చేతిలో బిడ్డను పెట్టింది. అనుమానం వచ్చి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకూ వాళ్లకూ సంబంధమే లేదు. అసలు సరోగసీయే జరగలేదని, ఒక పేద జంట దగ్గర కొన్న బిడ్డను తెచ్చి ఇచ్చారని పోలీసులు తేల్చారు. ఆ దంపతుల పరిస్థితి ఊహించుకోండి. ఇంకోవైపు కన్నబిడ్డను అమ్ముకున్న ఆ తల్లి పరిస్థితీ ఊహించుకోండి.

ఏ క్లినిక్‌కైనా వెళ్లేముందు సరోగసీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, గడువు తీరలేదా అని చూడండి. ఐవీఎఫ్ చేయడానికి ఉండే రిజిస్ట్రేషన్ వేరు, సరోగసీకి ఉండేది వేరు. కేంద్ర ప్రభుత్వపు జాతీయ ఏఆర్‌టీ (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలు), సరోగసీ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. "సరోగేట్‌ను మేమే తెస్తాం, ఆమెను మీరు చూడనక్కర్లేదు", "కోర్టు పని తర్వాత చూద్దాం", "నగదు ఇస్తే తగ్గిస్తాం" అన్న మాటల్లో ఏ ఒక్కటి వినిపించినా లేచి వచ్చేయండి.

కాగితాల పని ఏ వరుసలో జరుగుతుంది?

ముందు మీ డాక్టరు రాసిన రిపోర్టులతో జిల్లా మెడికల్ బోర్డుకు వెళ్లాలి. జిల్లా వైద్యాధికారి, ప్రసూతి నిపుణులు, పిల్లల డాక్టరు అందులో ఉంటారు. సరోగసీ నిజంగా అవసరమే అని వాళ్లు సర్టిఫికెట్ ఇస్తారు.

తర్వాత కోర్టు. మీరూ, సరోగేట్ తల్లీ కలిసి ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేట్ లేదా అంతకు పైస్థాయి కోర్టులో దరఖాస్తు చేస్తారు. పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రులు మీరేనని, సంరక్షణ మీదేనని కోర్టు ముందే ఉత్తర్వు ఇస్తుంది. పిండం ఇంకా గర్భసంచిలోకి చేరకముందే ఈ ఉత్తర్వు చేతికి రావాలి.

మూడోది బీమా. సరోగేట్ తల్లి పేరు మీద 36 నెలలకు ఆరోగ్య బీమా తీసుకోవాలి. గర్భం వల్ల, కాన్పు తర్వాత వచ్చే సమస్యలన్నీ అందులో కవర్ కావాలి. పాలసీ పత్రాన్ని ఏజెంటు మాట మీద వదిలేయకుండా, సరోగసీ గర్భానికి వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉందో లేదో మీరే చదవండి.

ఈ మూడూ ఉంటే అథారిటీ మీకు అవసర ధ్రువపత్రం ఇస్తుంది. దీనితోపాటు మీకు ఒకటి, సరోగేట్ తల్లికి ఒకటి వేర్వేరుగా అర్హత పత్రాలు వస్తాయి. సరోగేట్ తల్లి సమ్మతి పత్రం ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు తప్ప రాని మనిషి చేత ఇంగ్లిష్ కాగితం మీద సంతకం పెట్టిస్తే ఆ సంతకానికి విలువేముంది?

వీటికి నెలలు పడుతుంది. పెళ్లి సర్టిఫికెట్, ఆధార్, ఆస్పత్రి రికార్డుల్లో పేర్ల స్పెల్లింగ్ తేడాలు ఉంటే ముందే సరిచేయించుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం వల్లే మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా వెనక్కి వస్తాయి.

వైద్యం ఎలా సాగుతుంది?

భార్యకు పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, మత్తులో అండాలు తీస్తారు. ల్యాబ్‌లో ఫలదీకరణ చేసి, సాధారణంగా ఐదో రోజు దాకా పెంచి పిండాలను ఫ్రీజ్ చేస్తారు. గర్భసంచి లేకపోయినా అండాశయాలు బాగుంటే ఇదంతా మామూలుగానే జరుగుతుంది.

ఇంకోవైపు సరోగేట్ తల్లికి మందులతో గర్భసంచి పొరను సిద్ధం చేస్తారు. పిండం పెట్టిన సుమారు రెండు వారాలకు రక్తపరీక్షలో ఫలితం తెలుస్తుంది. ఆ రెండు వారాల టెన్షన్ ఐవీఎఫ్ చేయించుకున్న అందరికీ తెలిసిందే. ఈసారి ఆ టెన్షన్ రెండు ఇళ్లలో ఉంటుంది. తర్వాత గుండె చప్పుడు స్కాన్, మూడో నెలలో ఎన్‌టీ స్కాన్ (బిడ్డ మెడ వెనక ద్రవం కొలిచేది), ఐదో నెలలో టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ చూసేది), అన్నీ మామూలు గర్భానికి చేసినట్టే.

రెండు మూడు పిండాలు పెట్టిస్తే కవలలు పుడతారు కదా, ఒకేసారి అయిపోతుంది?

నిబంధన ప్రకారం ఒకే పిండం పెట్టాలి. ప్రత్యేక పరిస్థితుల్లో మాత్రమే మూడు దాకా అనుమతి. కవల గర్భంలో బీపీ, నెలలు నిండని కాన్పు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, ఆ ముప్పు మోసేది ఆమె. మగబిడ్డ కావాలని ఎంచుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు, అది నేరం.

ఆమె పోలికలు వస్తాయా? ఆమె రక్తమే కదా పారేది? ఆమె కులం...

ఈ ప్రశ్న ఎప్పుడూ సగంలో ఆగిపోతుంది, కాబట్టి నేనే పూర్తి చేసి జవాబు చెబుతాను. రూపం, రంగు, రక్తం గ్రూపు అన్నీ అండం, వీర్యకణం నుంచి వస్తాయి. తల్లి రక్తం, బిడ్డ రక్తం మాయ దగ్గర పక్కపక్కనే ప్రవహిస్తాయి గానీ మామూలుగా కలిసిపోవు. ఆహారం, ప్రాణవాయువు మాత్రం అటు నుంచి ఇటు చేరతాయి. ఆమె తిండి, ఆరోగ్యం, మనశ్శాంతి బిడ్డ ఎదుగుదలను ప్రభావితం చేస్తాయి. ఇక కులం గర్భసంచి గుండా ప్రవహించే పదార్థం కాదు. కులం అడిగి సరోగేట్‌ను ఎంచుకోవాలనుకునేవారికి నేను సాయం చేయను.

అండం లేదా వీర్యం దాత నుంచి తీసుకోవచ్చా?

2023 మార్చిలో దంపతులకు దీన్ని పూర్తిగా ఆపేశారు. పుట్టుకతోనే అండాశయాలు, గర్భసంచి సరిగా లేని మహిళలు కోర్టుకు వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో నిబంధన మార్చారు. ఇప్పుడు భార్యాభర్తల్లో ఒకరికి వైద్యపరమైన అవసరం ఉందని జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే దాత సాయం తీసుకోవచ్చు. కనీసం ఒక్కరిదైనా సొంతదై ఉండాలి.

ఎంత ఖర్చవుతుంది?

ఊరిని బట్టి, క్లినిక్‌ను బట్టి మారుతుంది, లక్షల్లోనే ఉంటుంది. ఐవీఎఫ్, పిండాల నిల్వ, లాయరు ఫీజు, మూడేళ్ల బీమా, తొమ్మిది నెలల మందులు, స్కాన్లు, కాన్పు అని విడివిడిగా రాయించుకోండి. బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఖర్చుకు కొంత పక్కన పెట్టుకోండి. మొత్తం ప్యాకేజీ అని ఒక్క అంకె చెప్పేవారి దగ్గర ఈ విడి లెక్క అడిగి చూడండి.

చివర్లో ఆమె బిడ్డను ఇవ్వనంటే?

చట్టం దృష్టిలో బిడ్డ మీ సొంత బిడ్డే, ఆస్తి హక్కుతో సహా. కోర్టు ఉత్తర్వు అందుకే ముందే తీసుకుంటారు. అదే విధంగా, బిడ్డకు ఏ లోపం ఉన్నా మీరూ వద్దనడానికి వీల్లేదు. వదిలేస్తే నేరం.

ఆమె వైపు హక్కులూ తెలుసుకోండి. పిండం పెట్టేంతవరకు ఎప్పుడైనా ఆమె మనసు మార్చుకోవచ్చు. గర్భం తీయించుకోమని ఆమెను ఎవరూ బలవంతపెట్టకూడదు. వైద్యపరంగా తప్పనిసరైతే ఆమె రాతపూర్వక సమ్మతి, అథారిటీ అనుమతి రెండూ కావాలి.

ఇంకొక మాట, ఎవరూ అడగరు గానీ నేనే చెబుతాను. గర్భం నిలిచిన వెంటనే, మీ ఇద్దరికీ ఏదైనా జరిగితే బిడ్డను ఎవరు పెంచాలో వీలునామా రాసి పెట్టండి.

గర్భంతో ఉన్నప్పుడు ఆమెను మా ఇంట్లో ఉంచుకోవాలా?

ఆమె పిల్లలు ఎక్కడ ఉంటే అక్కడే ఆమెకు మనశ్శాంతి. మీ ఇంట్లో పెట్టుకుని గంట గంటకూ "ఏం తిన్నావు, ఎందుకు మెట్లెక్కావు" అంటుంటే ఆ ఇల్లు జైలైపోతుంది. చెకప్‌లకు కలిసి వెళ్లండి. ఆమెకు బరువు పని తగ్గేలా, ఇంట్లో తోడు ఉండేలా చూడండి.

నేను కడుపు కనిపించేలా దిండు కట్టుకోవాలా? సీమంతం?

అత్తగారి బలవంతం మీద ఏడు నెలలు దిండు కట్టుకుని తిరిగిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. ఉక్కపోతలో చర్మమంతా పొక్కింది, ఎవరు ముట్టుకుంటారోనని పేరంటాలకు వెళ్లడం మానేసింది. బిడ్డ పుట్టాక కూడా "కాన్పు ఎలా జరిగింది" అన్న ప్రతిసారీ అబద్ధం ఆడాల్సి వచ్చింది.

అందరికీ చెప్పనక్కర్లేదు. ఇంట్లో నలుగురికి నిజం చెప్పండి, బయటివాళ్లకు "బిడ్డ రాబోతోంది" అంటే చాలు. పెద్దవాళ్లకు అర్థం కావాలంటే దేవకి గర్భంలోని బలరాముడు రోహిణి కడుపున పుట్టిన కథ వాళ్లకు తెలిసిందే. సీమంతం చేసుకోవాలనిపిస్తే మోసే తల్లికి కూడా గాజులు వేయండి. ఒక ఇంట్లో అక్కాచెల్లెళ్లిద్దరినీ పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి వేశారు. అంత అందమైన సీమంతం నేను చూడలేదు.

బిడ్డకు మాత్రం చిన్నప్పటి నుంచే, కథ చెప్పినట్టు, చెబుతూ రండి. పదహారేళ్లకు పక్కింటావిడ నోటి నుంచి వినకూడదు.

ఉద్యోగంలో సెలవు ఇస్తారా?

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టంలో చేరి, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లోకి మారిన నియమం ప్రకారం బిడ్డ చేతికి వచ్చిన రోజు నుంచి బిడ్డను పొందే తల్లికి 12 వారాలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2024 జూన్ నుంచి సరోగేట్ తల్లికీ, బిడ్డను పొందే తల్లికీ 180 రోజుల దాకా, తండ్రికి 15 రోజులు.

మేము అమెరికాలో ఉంటాం. ఇండియాలో చేయించుకోవచ్చా?

భారత పౌరసత్వం ఉంటే ఇక్కడివారికి ఉన్న నియమాలే. పౌరసత్వం మారిన భారత సంతతి దంపతులు అయితే జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ బోర్డు సిఫారసు పత్రం అదనంగా తీసుకోవాలి. నెల రోజుల సెలవులో వచ్చి ముగించే పని కాదిది, కోర్టుకూ బోర్డుకూ వేర్వేరుగా రావాల్సి ఉంటుంది. బిడ్డ ప్రయాణ పత్రాల గురించి మీరుంటున్న దేశపు లాయరుతో గర్భం నిలవకముందే మాట్లాడండి.

మొదటిసారి నిలవకపోతే?

ఒక సరోగేట్ తల్లికి మూడు ప్రయత్నాల దాకా చట్టం అనుమతిస్తుంది. ఫలితం నెగటివ్ వచ్చిన రోజు చాలా ఇళ్లలో అందరూ భార్యను ఓదారుస్తారు, మోసిన మనిషిని మర్చిపోతారు. ఆమె "నా వల్లే పోయిందేమో" అని ఏడుస్తూ ఉంటుంది. ముందు ఆమెకు ఫోన్ చేయండి.

బిడ్డ పుట్టాక ఆమెతో సంబంధం ఉండాలా?

జనన ధ్రువపత్రంలో మీ పేర్లే ఉంటాయి, దానికి కోర్టు ఉత్తర్వు కాపీ ఆస్పత్రికి ముందే ఇచ్చి ఉంచండి. ఆమెకు పాలు పడతాయి, ఒళ్లు నొప్పులుంటాయి, ఖాళీ చేతులతో ఇంటికి వెళ్తుంది. బాలింతకు చేసే పథ్యం, విశ్రాంతి, మందులు అన్నీ ఆమెకు కావాలి. ఆరు వారాల చెకప్‌కు మీరే తీసుకెళ్లండి. బీమా 36 నెలలు అని గుర్తుందిగా, ఆ పాలసీ నంబరు, క్లెయిమ్ చేసే ఫోన్ నంబరు రాసిన కాగితం ఆమె ఇంట్లో ఆమె చేతికి అందేచోట ఉండాలి, మీ బీరువాలో కాదు.